మొబైల్ యాప్‌లో ఎక్స్‌ఎంఎల్ పార్సింగ్: ప్రత్యేక అక్షరాలు చెదరకుండా చదవడానికి సమగ్ర మార్గదర్శి

సర్వర్ పంపిన ఎక్స్‌ఎంఎల్‌లో (సమాచారాన్ని ట్యాగుల మధ్య ఉంచే పాఠ్య రూపంలో) "రామ్ & సన్స్" అని ఉన్న పేరు యాప్ తెరపై "సన్స్" అని మాత్రమే కనిపిస్తుంది. శీర్షికలో కొటేషన్ గుర్తు ఉండవలసిన చోట ఖాళీ చతురస్రం వస్తుంది. నిన్నటి వరకు తెరుచుకున్న ఫీడ్ ఈరోజు ఒక్క గుర్తు కారణంగా మొత్తంగా ఆగిపోతుంది. పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. చూడడానికి ఇవి ఒకే రకం లోపంలా ఉన్నా, వీటి కారణాలు వేరు, సరిచేయవలసిన చోట్లు కూడా వేరు.

ఈ మార్గదర్శి అంతటా పాటించిన పద్ధతి ఇది: పార్సర్‌కు (ఎక్స్‌ఎంఎల్‌ను చదివి విడదీసే కోడ్‌కు) అసలు బైట్లను అందించాలి, అది తిరిగి ఇచ్చే పాఠ్యాన్ని ఏ ముక్కా జారిపోకుండా కూర్చుకోవాలి, అలా కూర్చిన పాఠ్యాన్ని రెండోసారి డీకోడ్ చేయకూడదు. పార్సర్ కంటే ముందే మన కోడ్ జోక్యం చేసుకున్నప్పుడే ఎక్కువ చిక్కులు పుడతాయి.

ఎంటిటీల (ఒక అక్షరానికి బదులుగా రాసే సంకేతాల) పేర్లను, తరగతుల (క్లాసుల) పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాను; కోడ్‌లో అవి తమ ఇంగ్లిష్ అక్షరాలతోనే ఉండాలి. ఉదాహరణలలోని తెలుగు ట్యాగులు మాత్రం ఉన్నవి ఉన్నట్టుగానే చెల్లుతాయి, ఎందుకంటే ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రమాణం ట్యాగు పేర్లలో తెలుగు అక్షరాలను అనుమతిస్తుంది.

## 1. కోడ్ ముట్టుకునే ముందు సేకరించవలసినవి

లాగ్‌లో ముద్రించిన పాఠ్యాన్ని చూసి లోపాన్ని ఊహించడం వృథా ప్రయాస. లాగ్‌కు చేరే సరికి ఆ పాఠ్యం ఒకసారి డీకోడ్ అయిపోయి ఉంటుంది కనుక, అసలు ఏ బైట్లు వచ్చాయో దానిలో తెలియదు. బ్రౌజర్‌లో తెరిచి కాపీ చేసుకున్న ప్రతికి కూడా ఇదే లోపం ఉంది.

పని మొదలుపెట్టే ముందు ఈ క్రిందివి చేతిలో ఉండాలి.

- సర్వర్ స్పందనలోని బైట్లను ఏ మార్పూ లేకుండా నేరుగా భద్రపరచిన ఫైల్.
- ఆ స్పందనతో వచ్చిన కంటెంట్-టైప్ హెడర్, అందులో క్యారెక్టర్ సెట్ పేర్కొని ఉంటే ఆ పేరు.
- ఫైల్‌లోని మొదటి 16 బైట్లు, హెక్స్ రూపంలో.
- పార్సర్ ఇచ్చిన పూర్తి దోష సందేశం, వరుస సంఖ్య, నిలువు వరుస సంఖ్య.
- వాడుతున్న పార్సర్ పేరు, దానికి ఇస్తున్నది స్ట్రీమా, బైట్లా, స్ట్రింగా అన్న వివరం.

ఈ ఫైల్‌ను కంప్యూటర్‌లో ఎక్స్‌ఎంఎల్‌లింట్ వంటి సాధనంతో ఒకసారి పరీక్షించండి. అక్కడ దోషం చూపితే తప్పు దాదాపుగా డాక్యుమెంట్‌లోనే ఉంది. అక్కడ దాటిపోయి యాప్‌లో మాత్రమే తప్పితే మీ చదివే కోడ్‌ను చూడాలి. ఈ ఒక్క పరీక్షతోనే సగం వెతుకులాట తగ్గుతుంది.

## 2. లోపం ఏ జాతికి చెందిందో గుర్తించడం

నాలుగు లక్షణాలు, నాలుగు దారులు.

- పార్సింగ్ మధ్యలో ఆగిపోతే, డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్ నియమాలకు లోబడి లేదు. 3, 4, 8, 9 విభాగాలు చూడండి.
- పార్సింగ్ పూర్తయినా పాఠ్యం తెగిపోతే, ముక్కలను కూర్చే మీ కోడ్‌లో తప్పు ఉంది. 5, 6 విభాగాలు చూడండి.
- అక్షరాలు వేరే అక్షరాలుగా మారితే, అది ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) సమస్య. 4వ విభాగం చూడండి.
- తెరపై &ఏఎంపీ; లేదా &#39; అన్న రూపం అలాగే కనిపిస్తే, ఎక్కడో రెండుసార్లు ఎస్కేప్ (ప్రత్యేక గుర్తును ఎంటిటీగా మార్చి రాయడం) జరిగింది. 8వ విభాగం చూడండి.

ఐఓఎస్‌లో ఎక్స్‌ఎంఎల్‌పార్సర్ ఇచ్చే దోష సంఖ్యలు రోగాన్ని చాలావరకు చెప్పేస్తాయి. 9 వస్తే అనుమతి లేని అక్షరం గాని, ప్రకటించిన ఎన్‌కోడింగ్‌కు పొసగని బైటు గాని ఉందని అర్థం. 23 వస్తే ఎంటిటీ తర్వాత సెమీకోలన్ లేదు; లింకులలోని ఒంటరి ఆంపర్సండ్‌లే (& గుర్తులే) దీనికి సాధారణ కారణం. 26 అంటే ప్రకటించని ఎంటిటీ. 38 అంటే ఆట్రిబ్యూట్ (ట్యాగు లోపల రాసే పేరు=విలువ జత) విలువలో < గుర్తు నేరుగా వచ్చింది. 68 అంటే పేరు ఉండవలసిన చోట పేరు లేదు, అంటే తరచుగా ఆంపర్సండ్ వెంటనే ఖాళీ ఉంది. 76 అంటే ట్యాగుల జతలు కలవలేదు.

ఆండ్రాయిడ్‌లో శాక్స్ పార్సర్ (డాక్యుమెంట్‌ను చదువుతూ ఒక్కో ముక్కనూ మన కోడ్‌కు అందించేది) వెనుక ఎక్స్‌పాట్ అనే కోడ్ లైబ్రరీ ఉంటుంది. అది ఇచ్చే "ఇన్‌వ్యాలిడ్ టోకెన్" అన్న సందేశం చాలా రకాల తప్పులకు ఉమ్మడిగా వస్తుంది కనుక, సందేశాన్ని కాక వరుస సంఖ్యను నమ్ముకుని ఆ స్థానంలోని బైట్లను చూడండి. అయితే వరుస సంఖ్య పార్సర్‌కు తప్పు తెలిసిన చోటును చెబుతుంది, తప్పు జరిగిన చోటును కాదు. ముఖ్యంగా ట్యాగుల జత కలవని సందర్భంలో అసలు తప్పు ఎన్నో వరుసలు పైన ఉండవచ్చు.

## 3. ఏ గుర్తును ఎక్కడ మార్చి రాయాలి

ఎక్స్‌ఎంఎల్ ముందుగానే నిర్వచించిన ఎంటిటీలు ఐదే: &ఏఎంపీ;, &ఎల్‌టీ;, &జీటీ;, &క్వాట్;, &ఏపాస్;. ఇవి కాక ఏ అక్షరాన్నైనా దాని యూనికోడ్ సంఖ్యతో రాయవచ్చు. ఆంపర్సండ్‌కు &#38;, < గుర్తుకు &#60;, > గుర్తుకు &#62;, జంట కొటేషన్‌కు &#34;, ఒంటి కొటేషన్‌కు &#39; సరిపోతాయి.

అన్ని చోట్లా ఐదింటినీ మార్చవలసిన అవసరం లేదు.

- ట్యాగుల మధ్య పాఠ్యంలో & గుర్తును, < గుర్తును తప్పనిసరిగా మార్చాలి. > గుర్తు ]]> అన్న వరుసలో భాగమైతేనే మార్చడం తప్పనిసరి.
- ఆట్రిబ్యూట్ విలువలో ఈ రెండింటితో పాటు, ఆ విలువను చుట్టిన కొటేషన్ గుర్తును కూడా మార్చాలి.
- సీడేటా విభాగంలో (ట్యాగులుగా కాక ఉన్నది ఉన్నట్టుగా చదవవలసిన పాఠ్యంలో) ఏదీ మార్చకూడదు. మారిస్తే ఆ మార్పు అలాగే తెరపైకి వస్తుంది.

సరైన రూపం ఇలా ఉంటుంది.

<లింకు చిరునామా="?పేజీ=2&#38;వరుస=5">రామ్ &#38; సన్స్</లింకు>

పార్సర్ దీన్ని చదివాక మీకు "?పేజీ=2&వరుస=5" అన్న చిరునామా, "రామ్ & సన్స్" అన్న పాఠ్యం అందాలి. అందకపోతే కోడ్‌ను అనుమానించండి. లింకులలోని ఆంపర్సండ్‌ను మార్చితే లింకు చెడిపోతుందని కొందరు సందేహిస్తారు. పార్సర్ దాన్ని తిరిగి మామూలు గుర్తుగానే అందిస్తుంది కనుక ఆ సందేహానికి ఆస్కారం లేదు.

ఆట్రిబ్యూట్ విలువలో నేరుగా ఉన్న కొత్త వరుసను, ట్యాబ్‌ను పార్సర్ ఖాళీగా మార్చేస్తుంది. వరుస విరుపు నిలవాలంటే &#10; అని రాయాలి, లేదా ఆ సమాచారాన్ని ఆట్రిబ్యూట్ నుంచి ఎలిమెంట్ లోపలికి మార్చాలి. రెండో మార్గమే మేలు.

## 4. ఎన్‌కోడింగ్: బైట్లను పార్సర్‌కే వదలండి

అక్షరాలు చెదరడానికి అతి సాధారణ కారణం, బైట్లను మనమే స్ట్రింగ్‌గా మార్చి పార్సర్‌కు ఇవ్వడం. అలా మార్చేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్ వాడారో ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు, డాక్యుమెంట్ మొదటి వరుసలోని ప్రకటన మాత్రం పాత మాటే చెబుతూ ఉంటుంది.

అనుసరించవలసిన క్రమం ఇది.

1. నెట్‌వర్క్ నుంచి వచ్చిన స్ట్రీమ్‌ను లేదా బైట్ల సమూహాన్ని నేరుగా పార్సర్‌కు ఇవ్వండి.
2. ఎన్‌కోడింగ్‌ను మీరు బలవంతంగా చెప్పకండి. ప్రకటన గాని, బైట్ ఆర్డర్ మార్క్ (ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్‌ను సూచించే బైట్లు) గాని లేకపోతే పార్సర్ యూటీఎఫ్-8గా భావిస్తుంది.
3. కంటెంట్-టైప్ హెడర్‌లో క్యారెక్టర్ సెట్ స్పష్టంగా ఉండి, అది డాక్యుమెంట్ ప్రకటనతో విభేదిస్తే, 2014లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 7303 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) చెప్పిన ప్రాధాన్యం పాటించండి: మొదట బైట్ ఆర్డర్ మార్క్, తర్వాత హెడర్, ఆపై ప్రకటన. పార్సర్‌కు హెడర్ కనిపించదు కనుక ఆ విలువను మీరే అందించాలి.
4. ఆచరణలో హెడర్ కూడా తప్పు చెప్పే సర్వర్లు ఉంటాయి. అటువంటప్పుడు భద్రపరచిన ఫైల్‌లోని బైట్లే తీర్పరి.

బైట్లను ఎలా చదవాలో ఒక ఉదాహరణ చూడండి. తెలుగు "క" యూటీఎఫ్-8లో మూడు బైట్లు: 224, 176, 149. మీ ఫైల్‌లో ఈ మూడూ వరుసగా ఉండి, తెరపై మూడు వింత గుర్తులు వస్తే, ఎవరో ఈ బైట్లను ఒక్కో బైటుకు ఒక్కో అక్షరం చొప్పున చదివారన్నమాట.

దీనికి దగ్గరి తప్పు మరొకటి ఉంది. కొందరు స్ట్రీమ్‌ను 1024 బైట్ల చొప్పున చదివి, ప్రతి ముక్కనూ విడిగా స్ట్రింగ్‌గా మార్చి కలుపుతారు. ఇంగ్లిష్ పాఠ్యంతో పరీక్షిస్తే ఇది ఎప్పుడూ బయటపడదు. మూడు బైట్ల తెలుగు అక్షరం ముక్క అంచున పడి రెండుగా చీలినప్పుడు మాత్రం అక్కడ 65533 సంఖ్య గల బదులు గుర్తు, అంటే నల్లని వజ్రంలో ప్రశ్నార్థకం, ప్రత్యక్షమవుతుంది. పొడవైన వ్యాసాలలో అక్కడక్కడ ఒకటి రెండు అక్షరాలు మాత్రమే చెడిపోతున్నాయంటే మొదట ఈ తప్పునే వెతకండి.

ఇంకో మూడు సందర్భాలను గుర్తుంచుకోవాలి.

ఫైల్ మొదట్లో 239, 187, 191 బైట్లు. ఇది యూటీఎఫ్-8 బైట్ ఆర్డర్ మార్క్. బైట్లు నేరుగా ఇస్తే పార్సర్ దీన్ని దాటవేస్తుంది. స్ట్రింగ్‌గా మార్చి ఇస్తే 65279 సంఖ్య గల కనిపించని అక్షరంగా మిగిలి, మొదటి వరుసలోనే దోషం రావచ్చు. స్ట్రింగ్ ఇవ్వక తప్పకపోతే మొదటి అక్షరాన్ని పరీక్షించి తొలగించండి.

ప్రకటనకు ముందు ఖాళీ వరుస. ఎక్స్‌ఎంఎల్ ప్రకటన ఉంటే అది డాక్యుమెంట్‌లో మొట్టమొదటి అక్షరం నుంచే మొదలవాలి. సర్వర్ వైపు టెంప్లేట్‌లో మిగిలిన ఒక్క ఖాళీ వరుస చాలు, కట్టుదిట్టమైన పార్సర్ ఆగిపోవడానికి. దీన్ని సర్వర్‌లో సరిచేయించండి. అప్పటివరకు మొదటి < గుర్తుకు ముందున్న ఖాళీ బైట్లను మాత్రమే తొలగించండి.

146, 147, 148 వంటి బైట్లు. పదసంపాదకాల వంకర కొటేషన్ గుర్తులు విండోస్-1252 ఎన్‌కోడింగ్‌లో ఈ బైట్లుగా ఉంటాయి. డాక్యుమెంట్ తనను తాను యూటీఎఫ్-8 అని ప్రకటించుకుని ఈ బైట్లను ఒంటరిగా మోసుకొస్తే, ఐఓఎస్ పార్సర్ దోషంతో ఆగుతుంది, ఆండ్రాయిడ్ పుల్ పార్సర్ బదులు గుర్తు పెట్టి ముందుకు సాగుతుంది. ఒకే ఫీడ్ ఒక ఫోన్‌లో తెరుచుకుని మరో ఫోన్‌లో తెరుచుకోకపోవడం వెనుక ఉన్న రహస్యం తరచుగా ఇదే. డాక్యుమెంట్ తనను ఐఎస్ఓ-8859-1 అని చెప్పుకుంటే ఇవి కనిపించని నియంత్రణ అక్షరాలుగా మారి, దోషం లేకుండానే గుర్తులు మాయమవుతాయి. అటువంటి మూలం నుంచి వచ్చే డాక్యుమెంట్‌కు విండోస్-1252 అని మీరే చెప్పడం సమంజసం.

## 5. ఆండ్రాయిడ్‌లో అమలు

కొత్తగా రాసే కోడ్‌కు ఎక్స్‌ఎంఎల్‌పుల్‌పార్సర్‌ను ఎంచుకోవడం మంచిది. పాఠ్యం ముక్కలయ్యే చిక్కు అందులో చాలావరకు ఉండదు.

1. సెట్‌ఇన్‌పుట్ పద్ధతికి ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఇచ్చి, ఎన్‌కోడింగ్ స్థానంలో నల్ ఇవ్వండి. పార్సర్ బైట్ ఆర్డర్ మార్క్‌నూ ప్రకటననూ చూసి తనంతట తానే నిర్ణయించుకుంటుంది.
2. ముందుకు జరగడానికి నెక్స్ట్ వాడండి, నెక్స్ట్‌టోకెన్ కాదు. నెక్స్ట్ పాఠ్యాన్నీ, ఎంటిటీలనూ, సీడేటానూ కలిపి ఒకే పాఠ్య సంఘటనగా ఇస్తుంది. నెక్స్ట్‌టోకెన్ వాటిని వేర్వేరుగా ఇస్తుంది. దాన్ని వాడి పాఠ్య సంఘటనను మాత్రమే పట్టుకుంటే ఆంపర్సండ్‌లన్నీ జారిపోతాయి.
3. ఎలిమెంట్‌లో పాఠ్యం మాత్రమే ఉందని తెలిస్తే నెక్స్ట్‌టెక్స్ట్ వాడండి. లోపల మరో ట్యాగు ఉంటే అది దోషం విసురుతుంది. అటువంటి చోట లోతును లెక్కపెడుతూ పాఠ్య సంఘటనలను స్ట్రింగ్‌బిల్డర్‌లో కూర్చండి.

పాత ప్రాజెక్టులో శాక్స్ ఉంటే, క్యారెక్టర్స్ పద్ధతి ఒకే ఎలిమెంట్‌కు ఎన్నిసార్లైనా పిలవబడవచ్చన్న సంగతిని కేంద్రంగా పెట్టుకుని కోడ్ రాయండి. ఎంటిటీ ఎదురైన ప్రతి చోటా, అంతర్గత బఫర్ నిండిన ప్రతి చోటా పాఠ్యం తెగుతుంది. "రామ్ & సన్స్" మూడు పిలుపులలో రావచ్చు; విలువను కలపకుండా కేటాయించే కోడ్‌లో చివరి ముక్క మాత్రమే మిగులుతుంది.

- స్టార్ట్‌ఎలిమెంట్‌లో బిల్డర్‌ను ఖాళీ చేయండి.
- క్యారెక్టర్స్‌లో ఇచ్చిన ప్రారంభ స్థానం, పొడవు మేరకే జోడించండి. అక్షరాల అరే మొత్తాన్ని స్ట్రింగ్‌గా మార్చితే పక్క ఎలిమెంట్ల పాఠ్యం కూడా వచ్చి చేరుతుంది.
- ఎండ్‌ఎలిమెంట్‌లోనే విలువను తీసుకుని, అంచుల ఖాళీలను అక్కడే తొలగించండి. ప్రతి ముక్కకూ విడిగా తొలగిస్తే "రామ్&సన్స్" అని పదాలు అతుక్కుపోతాయి.

డామ్ పద్ధతి (డాక్యుమెంట్ మొత్తాన్ని మెమరీలో చెట్టులా ఉంచేది) వాడేవారు మొదటి పిల్ల నోడ్ విలువను తీసుకోవడం మానుకుని గెట్‌టెక్స్ట్‌కంటెంట్ వాడండి. పాఠ్యం ఎన్ని నోడ్‌లుగా చీలినా అది మొత్తాన్ని కలిపి ఇస్తుంది.

## 6. ఐఓఎస్‌లో అమలు

ఫౌండేషన్‌లోని ఎక్స్‌ఎంఎల్‌పార్సర్ కూడా శాక్స్ తీరులోనే నడుస్తుంది కనుక ముక్కల నియమం ఇక్కడా వర్తిస్తుంది. ఫౌండ్‌క్యారెక్టర్స్‌లో సమాన గుర్తుతో విలువ పెట్టిన కోడ్ కనిపిస్తే, ఇంకేమీ చదవకుండానే దాన్ని జోడించే రూపానికి మార్చండి.

1. పార్సర్‌ను డేటాతోనే నిర్మించండి. స్ట్రింగ్‌ను యూటీఎఫ్-8 డేటాగా మార్చి ఇస్తే, మొదటి వరుసలోని ప్రకటన వేరే ఎన్‌కోడింగ్ చెబుతున్నప్పుడు పార్సర్ తప్పుదారి పడుతుంది.
2. ఎలిమెంట్ మొదలైనప్పుడు బఫర్‌ను ఖాళీ చేయండి, ముగిసినప్పుడు వాడండి. ఎలిమెంట్లు ఒకదానిలో ఒకటి ఉంటే ఒక్క బఫర్ చాలదు. బఫర్ల స్టాక్ పెట్టుకోండి.
3. ఫౌండ్‌సీడేటా పద్ధతిని తప్పకుండా రాయండి. అందులో వచ్చే డేటా యూటీఎఫ్-8లో ఉంటుంది. దాన్ని స్ట్రింగ్‌గా మార్చి అదే బఫర్‌కు జోడించండి.
4. పార్స్ పద్ధతి ఫాల్స్ ఇస్తే అప్పటివరకు పోగైన ఫలితాలను విడిచిపెట్టి, పార్సర్‌ఎర్రర్‌ను నమోదు చేయండి. సగం జాబితాను చూపించడం వినియోగదారుకు పూర్తి జాబితాలా భ్రమ కలిగిస్తుంది.

## 7. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్

ఫ్లట్టర్‌లో చిక్కు పార్సర్ దగ్గర కాక అంతకు ముందే మొదలవుతుంది. హెచ్‌టీటీపీ ప్యాకేజీలోని బాడీ లక్షణం, హెడర్‌లో క్యారెక్టర్ సెట్ లేని ఎక్స్‌ఎంఎల్ స్పందనను లాటిన్-1గా డీకోడ్ చేస్తుంది. తెలుగు పాఠ్యం అక్కడే చెదిరిపోతుంది. బాడీబైట్స్ తీసుకుని యూటీఎఫ్-8తో మీరే డీకోడ్ చేసి, ఆ స్ట్రింగ్‌ను పార్సర్‌కు ఇవ్వండి. బైట్లనే ఇవ్వాలన్న నియమానికి ఇది మినహాయింపు, ఎందుకంటే డార్ట్ (ఫ్లట్టర్ వాడే భాష) ఎక్స్‌ఎంఎల్ ప్యాకేజీ స్ట్రింగ్‌నే కోరుతుంది. పాఠ్యం తీసుకోవడానికి ఇన్నర్‌టెక్స్ట్ వాడండి.

రియాక్ట్ నేటివ్‌లో ఫాస్ట్-ఎక్స్‌ఎంఎల్-పార్సర్ వాడేవారు ప్రాసెస్‌ఎంటిటీస్ ఎంపిక అమలులో ఉందో లేదో చూసుకోవాలి. ఇదే పార్సర్ "007" వంటి విలువలను సంఖ్యలుగా మార్చే అవకాశం ఉంది కనుక, గుర్తింపు సంఖ్యలు ఉన్న చోట విలువలను స్ట్రింగ్‌లుగానే ఉంచమని ఎంపికలలో చెప్పండి.

## 8. హెచ్‌టీఎంఎల్ ఎంటిటీలు, రెండుసార్లు ఎస్కేప్ అయిన పాఠ్యం

&ఎన్‌బీఎస్‌పీ;, &కాపీ; వంటి పేర్లు హెచ్‌టీఎంఎల్‌కు చెందినవి. ఎక్స్‌ఎంఎల్‌కు అవి తెలియవు, డాక్యుమెంట్‌లో ప్రకటించి ఉంటే తప్ప. సరైన చికిత్స సర్వర్‌లో వాటిని సంఖ్యా రూపంలోకి మార్చడమే: విడిపోని ఖాళీకి &#160;, కాపీరైట్ గుర్తుకు &#169;. సర్వర్ మీ చేతిలో లేకపోతే ఈ మార్గాలున్నాయి.

- ఆండ్రాయిడ్ పుల్ పార్సర్‌లో డిఫైన్‌ఎంటిటీరీప్లేస్‌మెంట్‌టెక్స్ట్ పద్ధతితో ఒక్కో పేరుకూ బదులు అక్షరాన్ని నమోదు చేయడం.
- డార్ట్ ఎక్స్‌ఎంఎల్ ప్యాకేజీలో పార్స్ చేసేటప్పుడు హెచ్‌టీఎంఎల్5 ఎంటిటీ మ్యాపింగ్‌ను ఇవ్వడం.
- ఫాస్ట్-ఎక్స్‌ఎంఎల్-పార్సర్‌లో హెచ్‌టీఎంఎల్‌ఎంటిటీస్ ఎంపికను తెరవడం.
- ఐఓఎస్‌లో 9వ విభాగంలోని మరమ్మతు దశలో పేర్లను సంఖ్యలుగా మార్చడం.

ఎంటిటీల కోసం బయటి డీటీడీని (ఎంటిటీలను నిర్వచించే ఫైల్‌ను) తెచ్చుకునే ఎంపికను మాత్రం తెరవకండి. దాని ద్వారా డాక్యుమెంట్ రాసినవారు మీ యాప్ చేత ఫైళ్లను చదివించే ప్రమాదం ఉంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన ఎంటిటీలతో మెమరీని నింపేసే దాడి మాత్రం బయటి డీటీడీ లేకుండా, డాక్యుమెంట్ లోపలి డీటీడీతోనే జరగవచ్చు. ఐఓఎస్‌లో షుడ్‌రిజాల్వ్‌ఎక్స్‌టర్నల్‌ఎంటిటీస్ డిఫాల్ట్‌గా ఫాల్స్. దాన్ని అలాగే ఉంచండి.

ఇక తెరపై &#39; కనిపించే సందర్భానికి వద్దాం. ఫైల్‌లో &#38;#39; అని ఉందేమో చూడండి. ఉంటే సర్వర్ రెండుసార్లు ఎస్కేప్ చేసింది. పార్సర్ ఒక పొరను తొలగిస్తుంది, రెండోది మిగులుతుంది. అయితే ఇది ఎప్పుడూ తప్పు కాదు. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లలోని వివరణ ఎలిమెంట్‌లో హెచ్‌టీఎంఎల్‌ను ఎస్కేప్ చేసి ఉంచడం మామూలు ఆచారం. అక్కడ పార్సర్ ఇచ్చే ఫలితం హెచ్‌టీఎంఎల్ కనుక, దాన్ని ఆండ్రాయిడ్‌లో హెచ్‌టీఎంఎల్‌కాంపాట్‌తోనో, ఐఓఎస్‌లో ఆట్రిబ్యూటెడ్ స్ట్రింగ్‌తోనో విడిగా చదివించాలి.

ఏ ఎలిమెంట్‌లో సాదా పాఠ్యం ఉంటుందో, దేనిలో హెచ్‌టీఎంఎల్ ఉంటుందో ముందే పట్టిక రాసుకోండి. "ఎందుకైనా మంచిది" అని అన్నింటినీ హెచ్‌టీఎంఎల్ డీకోడర్ గుండా పంపితే, "5 < 7" అని సరిగా వచ్చిన పాఠ్యం కూడా దెబ్బతినవచ్చు.

## 9. చెడిన డాక్యుమెంట్‌ను మరమ్మతు చేయవలసి వస్తే

ఇది చివరి మార్గం. పార్సింగ్ మొదటిసారి విఫలమైనప్పుడు మాత్రమే మరమ్మతుకు దిగండి, మరమ్మతు జరిగిన ప్రతిసారీ నమోదు చేయండి. అన్ని డాక్యుమెంట్లనూ ముందే మరమ్మతు గుండా పంపితే మంచివి కూడా చెడిపోతాయి.

ఒంటరి ఆంపర్సండ్‌లను సరిచేసే క్రమం ఇది.

1. బైట్లను సరైన ఎన్‌కోడింగ్‌తో స్ట్రింగ్‌గా మార్చండి.
2. సీడేటా విభాగాలను, వ్యాఖ్యలను వేరు చేసి ముట్టుకోకుండా ఉంచండి.
3. తెలిసిన హెచ్‌టీఎంఎల్ పేర్లను సంఖ్యా రూపంలోకి మార్చండి.
4. మిగిలిన ప్రతి ఆంపర్సండ్ తర్వాత ఐదు ఎంటిటీ పేర్లలో ఒకటి, లేదా # గుర్తుతో కూడిన దశాంశ లేదా హెక్స్ సంఖ్య, వెంటనే సెమీకోలన్ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతేనే దాన్ని &#38; గా మార్చండి.
5. ఫలితాన్ని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, మొదటి వరుసలోని పాత ప్రకటనను తొలగించి, మళ్లీ పార్సర్‌కు ఇవ్వండి.

3, 4 మెట్ల క్రమం తారుమారైతే, &ఎన్‌బీఎస్‌పీ; ఖాళీగా మారకుండా అక్షరాలా తెరపై ముద్రితమవుతుంది.

ఒంటరి < గుర్తుకు ఇటువంటి నమ్మకమైన మరమ్మతు లేదు. అది ట్యాగు ఆరంభమా, పోలిక గుర్తా అన్నది యంత్రం ఖచ్చితంగా తేల్చలేదు. సర్వర్ వారి చేత సరిచేయించడమే దారి. ఆండ్రాయిడ్‌లో ఫీచర్‌రిలాక్స్‌డ్ అనే సడలింపు ఎంపిక ఉంది గాని, అది తప్పులను దాచి ఫలితాన్ని ఊహకు వదిలేస్తుంది. శాశ్వత పరిష్కారంగా దాన్ని నేను సూచించను.

నిషిద్ధ అక్షరాల విషయం వేరు. ఎక్స్‌ఎంఎల్ 1.0 అనుమతించే అక్షర సంఖ్యలు ఇవే: 9, 10, 13, 32 నుంచి 55295 వరకు, 57344 నుంచి 65533 వరకు, 65536 నుంచి 1114111 వరకు. మిగిలినవి ఏ రూపంలోనూ చెల్లవు. అంటే 11 సంఖ్య గల నిలువు ట్యాబ్‌ను &#11; అని రాసినా పార్సర్ ఆగుతుంది. అందువల్ల నేరుగా ఉన్న నియంత్రణ అక్షరాలతో పాటు వాటి సంఖ్యా రూపాలను కూడా తొలగించాలి; చాలా శుద్ధి కోడ్‌లు ఈ రెండో భాగాన్ని మరచిపోతాయి.

చాలా ఇమోజీలు 65535 దాటిన అక్షరాలు. నవ్వుముఖాన్ని &#128512; అని రాయడం సరైనది. కొన్ని సర్వర్లు దాన్ని &#55357;&#56832; అని రెండు సగాలుగా పంపుతాయి; ఆ సంఖ్యలు నిషిద్ధ పరిధిలోనివి కనుక పార్సర్ తిరస్కరిస్తుంది. మరమ్మతులో ఆ జంటను కలిపి ఒకే సంఖ్యగా మార్చాలి.

శుద్ధి పేరుతో కనిపించని అక్షరాలన్నింటినీ ఊడ్చేసే కోడ్ తెలుగుకు హాని చేస్తుంది. 8204 సంఖ్య గల జోడింపు నిరోధక అక్షరాన్ని తీసేస్తే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అవుతుంది. తొలగించవలసిన వాటి జాబితా రాసుకోండి, ఆ జాబితాకు బయట ఏదీ ముట్టుకోకండి.

## 10. స్ట్రింగ్స్ ఫైల్: వేరే నియమాలు

ఆండ్రాయిడ్ యాప్ లోపలి స్ట్రింగ్స్ వనరుల ఫైల్ కూడా ఎక్స్‌ఎంఎలే. అయితే దాన్ని చదివేటప్పుడు వనరుల కంపైలర్ తన సొంత నియమాలను అదనంగా వర్తింపజేస్తుంది.

- ఒంటి కొటేషన్‌ను \' అని, జంట కొటేషన్‌ను \" అని రాయాలి.
- విలువ @ లేదా ? గుర్తుతో మొదలైతే \@ లేదా \? అని రాయాలి.
- వరుసగా ఉన్న ఖాళీలు ఒకటిగా కుదించుకుపోతాయి. నిలవాలంటే విలువ మొత్తాన్ని జంట కొటేషన్లలో పెట్టాలి.
- ఫార్మాట్ చేసే వాక్యంలో శాతం గుర్తు కావాలంటే %% అని రాయాలి.
- & గుర్తు, < గుర్తు మామూలు ఎక్స్‌ఎంఎల్ నియమాలనే అనుసరిస్తాయి.

ఈ బ్యాక్‌స్లాష్ నియమాలను సర్వర్ ఎక్స్‌ఎంఎల్‌కు వర్తింపజేయకూడదు. తెరపై \' కనిపిస్తే ఎవరో ఈ రెండింటినీ కలిపేశారు.

## 11. యాప్ నుంచి ఎక్స్‌ఎంఎల్ పంపేటప్పుడు

స్ట్రింగ్‌లను ప్లస్ గుర్తుతో కలిపి ఎక్స్‌ఎంఎల్ తయారుచేయకండి. ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్‌కు టెక్స్ట్, ఆట్రిబ్యూట్ పద్ధతుల ద్వారా విలువలు ఇస్తే ఎస్కేప్ పని అదే చూసుకుంటుంది. దానికి ఇచ్చే విలువలను మీరు ముందే ఎస్కేప్ చేయకూడదు.

చేతితో రాయక తప్పనప్పుడు ఆంపర్సండ్‌ను అన్నిటికంటే ముందు మార్చండి. < గుర్తును ముందు &#60; గా మార్చి ఆ తర్వాత ఆంపర్సండ్‌లను మార్చితే, అది &#38;#60; గా తయారవుతుంది. ఎస్కేప్‌ను విప్పేటప్పుడు క్రమం తలకిందులవుతుంది, అక్కడ ఆంపర్సండ్ చివరిది.

సీడేటాలో ]]> అన్న వరుసను ఉంచలేము. పాఠ్యంలో అది వస్తే ]] వరకు ఒక విభాగంగా ముగించి, > గుర్తుతో మరో విభాగం మొదలుపెట్టాలి. పాఠ్యాన్ని 50 అక్షరాలకు కుదించే కోడ్ ఉంటే, అది ఇమోజీని మధ్యలో చీల్చడం లేదని చూసుకోండి. చీలిన సగం సీరియలైజర్‌లో దోషంగా మారుతుంది.

## 12. విడుదలకు ముందు పరీక్ష

ఈ చిన్న డాక్యుమెంట్‌ను పరీక్షల ఫోల్డర్‌లో ఉంచండి.

<జాబితా>
<పేరు>రామ్ &#38; సన్స్</పేరు>
<సూత్రం>5 &#60; 7</సూత్రం>
<నవ్వు>&#128512;</నవ్వు>
<పదం>సాఫ్ట్&#8204;వేర్</పదం>
<లింకు చిరునామా="?పేజీ=2&#38;వరుస=5"/>
</జాబితా>

ప్రతి విలువనూ కంటితో కాక అక్షర సంఖ్యల వరుసతో పోల్చండి, ఎందుకంటే 32 సంఖ్య గల ఖాళీ, 160 సంఖ్య గల ఖాళీ తెరపై ఒకేలా ఉంటాయి. దీనికి తోడు ఈ పరీక్షలు కూడా ఉండాలి.

- ఇదే డాక్యుమెంట్, మొదట బైట్ ఆర్డర్ మార్క్‌తో.
- ఇదే డాక్యుమెంట్, యూటీఎఫ్-16లో.
- పేరు ఎలిమెంట్‌లో సగం సాదా పాఠ్యం, సగం సీడేటా.
- కనీసం 20000 తెలుగు అక్షరాలున్న ఒకే ఎలిమెంట్.
- ఒంటరి ఆంపర్సండ్‌తో చెడిన డాక్యుమెంట్. ఇది మరమ్మతు దారిలోనే నెగ్గాలి.
- &#11; ఉన్న డాక్యుమెంట్.

చివరగా, ఒకసారికి ఒకే బైటు ఇచ్చే ఇన్‌పుట్‌స్ట్రీమ్‌ను రాసి, పై డాక్యుమెంట్లన్నింటినీ దాని గుండా మళ్లీ నడపండి. వేగవంతమైన వైఫైలో ఎన్నడూ కనిపించని బఫర్ అంచు తప్పులు ఈ స్ట్రీమ్‌తో వెంటనే బయటపడతాయి. ఐఓఎస్‌లో స్ట్రీమ్‌తో నిర్మించే ఎక్స్‌ఎంఎల్‌పార్సర్ రూపంతో ఇదే పరీక్షను చేయవచ్చు.